వరస కలిపి అడిగాను

నేను ఏ చట్టాన్నీ మీరలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చున్న బరువు ఇదే. చట్టం మీరి ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవారు, నిలదీసేవారు, తిట్టేవారు. నన్నెవరూ ఏమీ అనలేదు. పైగా పెద్దమనిషినయ్యాను. శ్రీకాకుళం కోర్టు వరండాలో నేను నడిచి వస్తుంటే కుర్ర వకీళ్లు లేచి నిలబడతారు. అలా లేచిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పబోతే ఓదారుస్తారు. "మీ వృత్తి ధర్మం మీరు చేశారు, దానికేముంది" అంటారు. ఆ మాట నాకు నేను చెప్పుకుని చెప్పుకుని అరగదీశాను. ఇక ఇంకొకరి నోట వినే ఓపిక లేదు.

నా పేరు చెప్పను, కంపెనీ పేరూ చెప్పను. సముద్రానికి దగ్గరగా, హైవేకి కాస్త లోపలగా, రొయ్యలు ఒలిచి గడ్డకట్టించి విదేశాలకు పంపే ఫ్యాక్టరీ అది. ఇప్పుడు చేతులు మారింది, బోర్డు మీద పేరూ మారింది. అప్పట్లో దాని కేసులన్నీ నేనే చూసేవాణ్ని. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, ముఖ్యంగా చేపలు పట్టుకుని బతికే ఊళ్ల నుంచి, ఆడవాళ్లు షిఫ్టుల్లో వచ్చి రొయ్యల తలలు తీసేవారు. గడ్డకట్టించే యంత్రాల్లో అమ్మోనియా వాడతారు. అది కారితే కళ్లు మండుతాయి, ఊపిరాడదు. అందుకే కారగానే మోగడానికి సైరన్ పెడతారు.

ఒకరోజు గొట్టం పగిలింది. సైరన్ మోగలేదు. ముందు గదుల్లో ఉన్నవాళ్లు వాసనకే బయటికి పరుగెత్తారు. వెనక ప్యాకింగ్ గదిలో ఉన్నవాళ్లకు ఆలస్యంగా తెలిసింది. చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. ఒకామె చనిపోయింది. ఆమెను పోలమ్మ అందాం.

విశాఖపట్నంలో ఉండే యజమాని నాకు ఫోన్ చేశాడు. పరామర్శలూ గిరామర్శలూ ఏమీ లేవు. "లోపల ఏం జరిగిందో మీరే వెళ్లి కనుక్కోండి. మా మేనేజర్లు విచారణ చేస్తే రేపు పోలీసులు అది ఇమ్మంటారు. మీరు అడిగితే లాయరుకీ క్లయింటుకీ మధ్య మాట అవుతుంది కదా" అన్నాడు. ఈ తెలివి అతనికి ఎక్కడిదంటారా? నేను నేర్పిందే. అంతకుముందు వేరే గొడవలో ఓపిగ్గా కూర్చోబెట్టి నేర్పాను. పాఠం బాగా వంటబట్టింది.

ఇక్కడ కొంచెం చట్టం చెప్పాలి, విసుక్కోకండి. కక్షిదారు వకీలుకి నమ్మి చెప్పిన మాట వకీలు బయటపెట్టకూడదు. కక్షిదారు ఒప్పుకుంటే తప్ప కోర్టు అడిగినా చెప్పకూడదు. మంచి చట్టమే. అది లేకపోతే మా దగ్గర ఎవరూ నిజం చెప్పరు. కక్షిదారు మనిషి అయినప్పుడు ఏ చిక్కూ లేదు. కక్షిదారు కంపెనీ అయినప్పుడు? కంపెనీకి నోరు లేదు. దాని తరపున మేనేజరో, సూపర్‌వైజరో, గుమాస్తానో నాతో మాట్లాడతాడు. మాట అతనిది. కాని ఆ రహస్యం అతనిది కాదు, కంపెనీది. దాచాలా, బయటపెట్టాలా, తప్పు ఎవరి మీద నెట్టాలి అన్నది కంపెనీ ఇష్టం. అందుకే అలాంటి మనిషిని ఏదైనా అడిగే ముందు వకీలు ఒక మాట చెప్పాలి. "నేను కంపెనీ లాయర్ని. నీ లాయర్ని కాను. నువ్వు చెప్పింది వాళ్లు నీ మీదే వాడుకోవచ్చు. కావాలంటే నువ్వు వేరే లాయర్ని పెట్టుకో." ఇంతే. చేతిలో టీ చల్లారేలోపు చెప్పేయొచ్చు.

నేను చెప్పలేదు. దాని బదులు వరస కలిపాను.

మా వైపు వకీళ్లు ఎవరినడిగినా ఈ పద్ధతి చెబుతారు. సాక్షి బిగుసుకుపోయి కూర్చుంటే ముందు వాడి ఊరు అడుగు, వాడి ఇంటి మనుషుల్ని అడుగు, ఎక్కడో ఒకచోట తీగ దొరుకుతుంది. దొరకగానే మావనో, బావనో, చిన్నాన్ననో అయిపో. ఇక వాడే చెబుతాడు. నా సీనియర్ దగ్గర నేను మొదట నేర్చుకున్న విద్య ఇది, చట్టం పుస్తకాలన్నీ ఆ తర్వాతే.

ఆ షిఫ్టుకు బాధ్యుడు సింహాచలం. అసలు పేరు కాదు, మా వైపు వీధికొకడుంటాడు కాబట్టి ఆ పేరు పెట్టాను. ఐటీఐ చదివి, వేటకు పోకుండా ఒడ్డున ఉద్యోగం సంపాదించుకున్న మొదటివాడు వాళ్లింట్లో. తండ్రి లేడు. తల్లి చేపలమ్ముతుంది. ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో నా ఎదురుగా కూర్చుని కుర్చీ అంచు పట్టుకుని ఉన్నాడు. నేనేమడిగినా "నాకు తెల్దు సార్" అంటున్నాడు.

నేను నా కుర్చీ అతని పక్కకు జరుపుకున్నాను. నా ఇంగ్లీషూ, నా కోర్టు తెలుగూ పక్కన పెట్టాను.

"మీదే ఊరు బాబూ?" అన్నాను.

చెప్పాడు.

"మా అమ్మోలది మీకు ఇవతలూరే." అది నిజం. "ఎవుల పిల్లడివి?"

చెప్పాడు. మేం పొలం మనుషులం, వాళ్లు సముద్రం మనుషులు. చుట్టరికానికి వీలే లేదు. కాని వాళ్ల తాత మా అమ్మమ్మగారింటికి ఎండుచేపలు తెచ్చేవాడట. మా వైపు వరస కలపడానికి ఆ మాత్రం చాలు.

"మరింక సారూ గీరూ ఏటిరా? నాను నీకు మావనవుతాను. మావా అను."

అతని భుజాలు దిగడం నేను చూశాను. కుర్చీ అంచు వదిలాడు. కాసేపు నేల చూసి, తర్వాత నా ముఖంలోకి చూసి అడిగాడు.

"మావా, ఇది నీకూ నాకూ మజ్జినే ఉంటాది గదా?"

"లాయరుకి సెప్పిన మాట పోలీసోలు కూడా అడగనేరు అల్లుడూ" అన్నాను.

అప్పుడు చెప్పాడు. "సైరను వైరు నానే తీసీసినాను. మేనేజరు తీసీమన్నాడు. కూసింత గేసుకే మోగతన్నాది, మోగినప్పుడల్లా ఆడోలు బయటికి పరిగెడతన్నారు, సరుకు పాడైపోతన్నాది, సీజను అయిపోనాక బాగు సేయిద్దాం అన్నాడు. నాను వొద్దన్నాను మావా. మళ్లీ అన్నాడు. ఉద్దోగం సూసుకో అన్నాడు. తీసీసినాను." మళ్లీ అన్నాడు. "పోలమ్మ మాకు అప్ప వరస. మా ఈదే."

ఏడ్చాడు. నేను వీపు నిమిరాను. నిమిరి, "ఇంకెవులికీ సెప్పకు" అన్నాను.

అతను అడిగినదేమిటి? నేను చెప్పినదేమిటి? అతను అడిగింది ఈ మాట మన ఇద్దరి మధ్యే ఉంటుందా అని. ఉండదు. సాయంత్రానికి యజమాని చెవిలో పడుతుంది, ఎందుకంటే నన్ను పంపిందే అందుకు. అది నాకు తెలుసు. నేను జవాబిచ్చింది అతను అడగని ప్రశ్నకు. పోలీసులు అడగలేరన్నది అక్షరాలా నిజం. అబద్ధం ఒక్క ముక్క కూడా ఆడలేదు. ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నా నా వాక్యంలో తప్పు దొరకదు, అదే నాకు కడుపు మంట. నోటికొచ్చిన అబద్ధం చెప్పి మోసం చేసేవాడికి కనీసం మోసం చేశానన్న స్పృహ ఉంటుంది. నేను ఆ రోజు ఇంటికి వెళ్లి హాయిగా భోంచేశాను.

యజమానికి అంతా చెప్పాను. సగం కాదు, అంతా. మేనేజరు తీసేయమన్నాడని, కుర్రాడు వద్దన్నాడని, ఉద్యోగం పోతుందని బెదిరించాడని. నేను దాచలేదు, ఆ మాత్రం నాకు చెప్పుకోనివ్వండి. అంతా విని అతను అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఇందులో మనకు కావలసినంత మేరకు బయటపెట్టొచ్చా?"

నేనేమనాలి? కుదరదు, పెడితే మొత్తం పెట్టాలి, లేకపోతే ఏదీ పెట్టకూడదు అనాలి. "రహస్యం కంపెనీది కాబట్టి నిర్ణయం కంపెనీదే" అన్నాను. నీళ్లు నమిలాను అనలేను. స్పష్టంగానే అన్నాను.

కంపెనీ పోలీసులకు రాసిచ్చింది. సైరన్ తీగను షిఫ్టు బాధ్యుడు సొంతంగా తొలగించినట్టు మా విచారణలో తేలింది అని. ఆ కాగితం ముందు నా దగ్గరికే వచ్చింది. "సొంతంగా" అన్న మాట నేను వేయలేదు. తీసేయనూ లేదు. రెండు చోట్ల వ్యాకరణం దిద్ది పంపాను. మేనేజరును కాకినాడ వైపు ఇంకో ఫ్యాక్టరీకి బదిలీ చేశారు, పదోన్నతి మీద.

సింహాచలం అరెస్టయ్యాడు. అప్పుడు కూడా మొదట నోరు విప్పలేదు. ఎందుకు విప్పుతాడు? మావ చెప్పకు అన్నాడు. మావ చూసుకుంటాడు అనుకున్నాడు. బెయిలు మీద బయటికొచ్చాక, ఉచిత న్యాయ సహాయం కింద కోర్టు పెట్టిన ఒక లాయరమ్మాయి అతని కేసు తీసుకున్నాక, అసలు సంగతి చెప్పాడు. అప్పటికి ఆలస్యమైంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అందరూ అడిగారు. తప్పించుకోవడానికి కల్పించుకున్నాడన్నారు. మేనేజరు వచ్చి నేనలా అనలేదని ప్రమాణం చేసి వెళ్లిపోయాడు.

ఆ అమ్మాయి నన్ను సాక్షిగా పిలిపించింది. వృత్తిలోకి కొత్తగా వచ్చినట్టుంది, కాని ప్రశ్న సూటిగా ఉంది. "మేనేజరు తీసేయమన్నాడని ఇతను మీకు చెప్పాడా, లేదా?"

అవును అనడానికి ఎంతసేపు పడుతుంది?

"అది నాకూ నా క్లయింటు కంపెనీకీ మధ్య జరిగిన సంభాషణ. కంపెనీ అనుమతి లేకుండా నేను చెప్పలేను" అన్నాను.

ఆమె వాదించింది. అదే సంభాషణలో సగాన్ని కంపెనీయే పోలీసులకు రాసిచ్చింది, మిగతా సగాన్ని రహస్యమంటే ఎలా అంది. ఆమె సరిగ్గా చెప్పింది. ఆ కోర్టు హాల్లో అది సరైనదని అందరికంటే బాగా తెలిసినవాణ్ని నేను. నేను సాక్షిని మాత్రమే, ఎదురు వాదించాల్సిన పని నాకు లేదు. అయినా వాదించాను. నా వయసూ, నా అనుభవమూ, నా గొంతూ వాడాను. మేజిస్ట్రేటు కుర్రవాడు. నా మీద గౌరవంతో నన్ను వదిలేశాడు. బోనులోంచి సింహాచలం అన్నాడు, "ఆ లాయరుగారికి అంతా తెలుసండి. నాను ఆరికే సెప్పినాను." లాయరుగారు అన్నాడు. మావ అనలేదు. మధ్యలో మాట్లాడకూడదని అతన్ని కసిరారు.

శిక్ష పడింది. జైలు నుంచి వచ్చాక ఊళ్లో ఉండలేకపోయాడు. పోలమ్మ వాళ్లదీ అదే వీధి కదా. చేతులారా చంపినవాడి ముఖం రోజూ చూడాలా అన్నారు. మా వైపు కుర్రాళ్లు చాలామంది వెళ్లినట్టే గుజరాత్ వెళ్లిపోయాడు, అక్కడి బోట్ల మీద కూలి వేటకు. వేటకు పోనక్కర్లేకుండా చదువుకున్నవాడు. తల్లి ఒక్కతీ ఊళ్లో ఉండిపోయింది. కొడుకు తప్పు చేయలేదని ఆమె ఇల్లిల్లూ తిరిగి చెప్పిందట. తల్లి మాట ఎవరు నమ్ముతారు? నమ్మించగలిగినవాడు ఒకడున్నాడు. వాడు శ్రీకాకుళంలో కొత్త ఇంటి మేడ మీద గదులు వేయిస్తున్నాడు.

నాకు అప్పుడు బాధ లేదా? ఉంది. కాని బాధకు నా దగ్గర మంచి జవాబుండేది. నోరు మూసుకోవడం నా ధర్మం, నేను ధర్మం తప్పలేదు అని. ఎంత సుఖమైన జవాబు! ధర్మమట. అడిగేటప్పుడు గుర్తురాని ధర్మం, చెప్పాల్సినప్పుడు మాత్రం నిలువెత్తున లేచి వచ్చింది. చట్టం నన్ను నోరు మూసుకోమంది సరే, వరస కలపమని ఏ చట్టం చెప్పింది? ఇంకెవరికీ చెప్పకని వీపు నిమరమని ఏ సెక్షన్‌లో ఉంది? మనిషిని మనిషి నమ్ముకోవడానికి మా తాతముత్తాతలు ఏర్పరచుకున్న పిలుపును తీసుకెళ్లి కంపెనీకి గాలంగా కట్టాను. నన్ను చెప్పుతో కొట్టాల్సింది. కొట్టే బదులు ఆ ఏడాది నన్ను బార్ అసోసియేషన్‌లో పదవికి నిలబెట్టారు.

ఈ మధ్య ఎచ్చెర్ల వైపు ఒక సభకు పిలిచారు. కొత్తగా పట్టా తీసుకున్న వకీళ్లు, లా చదివే పిల్లలు. నాకిచ్చిన విషయం ఏమిటో తెలుసా? వ్యాపార సంస్థల తరపున పనిచేసేటప్పుడు కక్షిదారు రహస్యాన్ని కాపాడటం. నవ్వు రాలేదు నాకు. చక్కగా తయారై వెళ్లాను. "ఉద్యోగిని ప్రశ్నించే ముందు మీరు ఎవరి లాయరో స్పష్టంగా చెప్పాలి, ఇది ఎప్పుడూ మరవకండి" అని వేలెత్తి మరీ చెప్పాను, నేనేదో జన్మలో మరవనట్టు. ఒక పిల్ల లేచి, "మరిచిపోతే ఏమవుతుంది సార్?" అని అడిగింది. "అది మీ మనస్సాక్షికి సంబంధించిన విషయం" అన్నాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

ఆ శాలువాతోనే కారెక్కాను. దారిలో డ్రైవర్ని ఆపమన్నాను. కాసేపు రోడ్డు పక్కన నిలబడ్డాను. ఏమవుతుంది సార్, అని ఆ పిల్ల అమాయకంగానే అడిగింది. ఏమయిందో నాకు తెలుసు కదా. ఏమయిందో తెలిసీ చప్పట్లు కొట్టించుకున్నాను.

సింహాచలం నంబరు సంపాదించడం కష్టం కాలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడు కావాలన్నా దొరికేది. ఫోన్ చేసి నేనెవరో చెప్పాను. అటువైపు ఇంజను చప్పుడు. మీ ఊరొచ్చి అందరి ముందూ నిజం చెబుతాను, లైసెన్సు పోతే పోనీ అన్నాను. క్షమించమని కూడా అన్నాననుకుంటాను, ఆ మాట ఇంజను చప్పుడులో అతనికి వినపడిందో లేదో.

అతను అన్నాడు. "అమ్మ పోనాదండి, మొన్నటి వానల్లో. ఆవిడకి ఒక్కదానికి సెప్పుంటే సరిపోను." కోపంగా అనలేదు. "వల తీస్తన్నారు, ఉంటానండి" అని పెట్టేశాడు.

నేను ఆగిపోవలసింది. ఆవిడే లేనప్పుడు ఇక ఎవరి కోసం? ఈ ప్రశ్న వేసుకున్నాను. జవాబు కోసం ఆగలేదు. మర్నాడు వెళ్లాను, పడవలు వచ్చే వేళకు. పోలమ్మ చెల్లెలు ఎవరని అడిగితే చూపించారు. ఇసుకలో కూర్చుని చేపలు ఏరుతోంది. ఆమె ముందు నిలబడి చెప్పాను. కంపెనీ లాయర్నని, సింహాచలం వద్దంటే మేనేజరు బెదిరించి తీయించాడని, అది అతను నాకు ఆనాడే చెప్పాడని, నేను కోర్టులో దాచానని. చుట్టూ ఆడవాళ్లు పోగయ్యారు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడతారనే వెళ్లాను.

ఆమె చేతిలో చేప అలాగే పట్టుకుని విన్నది. తర్వాత నన్ను కాదు, సముద్రం వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆ ముసల్ది గంప నింపుకోని ఇక్కడే నిలబడీది. ఎవులన్నా ఓ సెయ్యేస్తారేమోనని సూసీది. మేం ఎయ్యనేదు. ఒక్కనాడూ ఎయ్యనేదు. ఒక్కర్తీ ఎత్తుకోనేక సగం సేపలు వొగ్గీసి ఎళిపోయీది. ఆకరికి ఇటు రాడమే మానీసింది."

నిండిన గంపను ఎవరూ తమంతట తాము నెత్తికెత్తుకోలేరు. పగవాళ్లయినా సరే ఇంకొకరు చెయ్యి వేస్తారు. ఒడ్డున అది ఎవరూ అడిగి చేయించుకునే పని కాదు. ఆ చెయ్యి ఆవిడకు దొరకలేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"నీకు తెలుసుండి ఇన్నాలూ సెప్పనేదు" అంది ఆమె. "ఆవిడ పోనాక వొచ్చి సెప్పినావు. ఇప్పుడిది మేమేటి సేసుకోవాల?"

నిలబడి నిలబడి వచ్చేశాను.

ఇంకొకటి ఉంది, అదీ చెప్పి ముగిస్తాను. కారు హైవే ఎక్కేసరికి నాకు ప్రాణం తేలికపడింది. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి గుండె నిండా గాలి పీల్చుకున్నాను. ఆ ఆడవాళ్లు ఒడ్డున ఇంకా అలాగే నిలబడి ఉండి ఉంటారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక. నాకు మాత్రం తేలికగా ఉంది. దారిలో ఆకలి కూడా వేసింది.